లాపిస్ లాజులి కాబోషాన్: ఎంపిక, పొదిగే విధానం

భాగం – 9

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• లాపిస్ లాజులి నిర్మాణాన్ని, దాని వల్ల ఆ రాయికి ఏర్పడిన బలహీనతలను వివరించగలుగుతారు.
• నగకు తగిన కాబోషాన్‌ను రంగు, నమూనా, ఆకృతి ఆధారంగా ఎంపిక చేయగలుగుతారు.
• రంగు వేసిన రాళ్లను, నకిలీ రాళ్లను సాధారణ పరీక్షలతో గుర్తించగలుగుతారు.
• బెజెల్ పట్టీ పొడవును లెక్కించి, రాయిని సరైన క్రమంలో పొదగగలుగుతారు.

9.1 పరిచయం

వెండి పనిలో జరిగిన పొరపాటును చాలావరకు సరిదిద్దుకోవచ్చు. అతుకు విడిపోతే మళ్లీ టంకం పెట్టవచ్చు. కొలత తప్పితే వెండిని కరిగించి తిరిగి వాడుకోవచ్చు. లాపిస్ లాజులి విషయంలో ఆ వెసులుబాటు లేదు. మంట తగిలి రంగు మారిన రాయికి పాత నీలం తిరిగి రాదు. ఆమ్లంలో పడి మెరుగు పోయిన రాయిని మళ్లీ సాన పట్టించాలి. అప్పుడు దాని కొలత తగ్గి, దానికోసం చేసిన వెండి కట్టులో వదులవుతుంది.

దూరవిద్యలో చదివే మీకు పనిబల్ల దగ్గర గురువు ఎప్పుడూ పక్కన ఉండరు. అందువల్ల ఏ దశలో ఏం చేయాలో తెలిస్తే చాలదు, ఎందుకు చేయాలో కూడా తెలియాలి. కారణం తెలిస్తే ఇక్కడ చెప్పని పరిస్థితి ఎదురైనప్పుడు కూడా మీరే నిర్ణయం తీసుకోగలుగుతారు. ఈ భాగంలోని పద్ధతులన్నింటికీ ఆధారమైన సూత్రం ఒక్కటే: మంటతో, ఆమ్లంతో, మెరుగు చక్రంతో చేయవలసిన పనులన్నీ ముగిసిన తరువాతే లాపిస్‌ను నగలో కూర్చోబెట్టాలి.

ముందుగా పేర్ల గురించి ఒక మాట. కింది భాగం చదునుగా, పై భాగం గుబ్బగా, ముఖాలు లేకుండా నునుపుగా సాన పట్టిన రాయిని కాబోషాన్ అంటారు. లాపిస్ లాజులిని సంస్కృత గ్రంథాలలో రాజావర్తం అన్నారు. పారశీకంలో దీని పేరు లాజవర్ద్. మన నగల దుకాణాలలో ‘నీలం’ అంటే నవరత్నాలలో ఒకటైన వేరే రాయి అని అర్థం. అది పారదర్శకమైన, చాలా గట్టి రత్నం. లాపిస్ కాంతిని తన గుండా పోనివ్వదు, నీలమంత గట్టిదీ కాదు. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు ఈ రెండు పేర్లను కలపకూడదు.

9.2 లాపిస్ లాజులి స్వభావం

9.2.1 నిర్మాణం

లాపిస్ ఒకే ఖనిజం కాదు. అనేక ఖనిజాలు కలిసి ఏర్పడిన శిల. దానిలో ముఖ్యమైనవి మూడు:

• లాజురైట్: రాయికి నీలిరంగు ఇచ్చేది ఇదే. ఇందులోని గంధకం ఆ రంగుకు కారణం.
• కాల్సైట్: తెల్లని మచ్చలుగా, చారలుగా కనిపిస్తుంది. సున్నపురాయిలో ఉండే ఖనిజం ఇదే.
• పైరైట్: ఇత్తడి వన్నెతో మెరిసే చుక్కలు. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం.

ఈ మూడింటి గట్టిదనం ఒకటి కాదు. మోస్ కొలమానంలో కాల్సైట్ 3, పైరైట్ 6 నుంచి 6.5. మొత్తంగా లాపిస్ గట్టిదనం 5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. మన ఇళ్లలోని దుమ్ములో ఉండే ఇసుక రేణువుల గట్టిదనం 7. అంటే దుమ్ము పట్టిన గుడ్డతో గట్టిగా తుడిచినా లాపిస్ మీద గీతలు పడవచ్చు.

కాల్సైట్ వల్ల మరొక బలహీనత ఉంది. ఆమ్లం తగిలితే అది బుడగలు వదులుతూ కరిగిపోతుంది. గాఢమైన ఆమ్లం లాజురైట్‌ను కూడా దెబ్బతీస్తుంది. అప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వెలువడుతుంది. దీనికి తోడు ఖనిజాల మధ్య సన్నని ఖాళీలు ఉంటాయి గనుక రాయి రంగును, నూనెను, చెమటను కొంతవరకు పీల్చుకుంటుంది.

9.2.2 లభించే ప్రదేశాలు

మేలైన లాపిస్‌కు అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ ప్రాంతం ప్రసిద్ధి. అక్కడ కోక్చా నది లోయలోని సర్-ఇ-సంగ్ గనుల నుంచి వేల సంవత్సరాలుగా ఈ రాయిని తీస్తున్నారు. హరప్పా నాగరికతకు చెందిన ప్రజలు ఉత్తర అఫ్గానిస్తాన్‌లోని షోర్తుగై వద్ద ఒక స్థావరాన్ని ఏర్పరచుకున్నారు. అది ఈ గనులకు చేరువలోనే ఉంది. చిలీ దేశంలోను, రష్యాలోని బైకాల్ సరస్సు ప్రాంతంలోను కూడా లాపిస్ దొరుకుతుంది. చిలీ రాయిలో సాధారణంగా కాల్సైట్ పాలు ఎక్కువ కాబట్టి తెల్లని మచ్చలు ఎక్కువగా కనిపిస్తాయి. మన దేశంలో రంగురాళ్ల సానపనికి పేరుపొందిన జైపూర్‌లో లాపిస్‌ను కూడా కాబోషాన్‌లుగా, పూసలుగా మలుస్తారు.

ప్రాచీన కళాకారులు ఈ రాయిని వాడిన తీరు మనకు ఉపయోగపడే పాఠం. మెసొపొటేమియాలోని ఊర్ నగరపు రాజ సమాధులను లియోనార్డ్ వూలీ 1922 – 1934 మధ్య తవ్వించారు. అక్కడ దొరికిన ‘ఊర్ పతాకం’ అనే చిత్రాల పెట్టె సుమారు 4500 సంవత్సరాల నాటిది. దానిపై లాపిస్, గవ్వ, ఎర్ర సున్నపురాయి ముక్కలను తారు వంటి పదార్థంలో అద్దారు. ఈజిప్టు రాజు టుటన్‌ఖామెన్ బంగారు ముసుగులో కనుబొమలు, కళ్ల చుట్టూ ఉన్న రేఖలు లాపిస్‌తో పొదిగినవే. టంకపు మంటను ఈ రాయి దగ్గరకు రానివ్వకుండానే ఇలాంటి పని చేయడం సాధ్యమని ఇవి చూపుతున్నాయి.

9.3 కాబోషాన్ ఎంపిక

రాయిని పగటి వెలుగులో, తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. దుకాణంలోని పసుపు దీపాల కింద నీలిరంగు అసలు ఛాయ తెలియదు. ఎంపికలో కింది అంశాలను వరుసగా గమనించాలి.

రంగు: కొద్దిగా ఊదా ఛాయ కలిసిన గాఢమైన నీలం, రాయి అంతటా ఒకే తీరుగా ఉంటే దానికి ఎక్కువ విలువ కడతారు. పాలిపోయిన రంగు, బూడిద ఛాయ విలువను తగ్గిస్తాయి.

పైరైట్: కొన్ని చుక్కలు అందాన్నిస్తాయి. వాటిని దోషంగా భావించనవసరం లేదు. కానీ పైరైట్ గుంపుగా చేరినచోట చేతిగోరు ఆనించి చూడండి. గుంట తగిలితే, సాన పట్టేటప్పుడు అక్కడ రేణువులు ఊడిపోయాయని అర్థం.

కాల్సైట్: తెల్లని చార గుబ్బ మధ్యలో ఉంటే అది అభిరుచికి సంబంధించిన విషయం. అదే చార రాయి అంచును చేరితే బలానికి సంబంధించిన విషయం అవుతుంది. పొదిగేటప్పుడు ఒత్తిడి పడేది అంచు మీదే. మెత్తని కాల్సైట్ అక్కడ చిట్లవచ్చు.

ఆకృతి: రాయిని చదునైన గాజుపలక మీద పెట్టి వేలితో నొక్కండి. అటూ ఇటూ ఊగితే అడుగు సమంగా లేదు. అలాంటి రాయిని కట్టులో బిగించినప్పుడు కింద ఖాళీ ఉన్నచోట విరిగే ప్రమాదం ఉంది. తరువాత రాయిని పక్క నుంచి చూడండి. గుబ్బ అడుగు నుంచే లోపలికి వాలుతూ పైకి లేవాలి. పక్కలు నిట్టనిలువుగా ఉంటే వెండి అంచు రాయి మీదికి ఒరగదు. అంచు మరీ పలచగా ఉంటే చిన్న ఒత్తిడికే పెచ్చు లేస్తుంది.

కొలత: సంచి మీద 14 × 10 మి.మీ. అని రాసి ఉన్నా ప్రతి రాయిని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవండి. చేతితో సాన పట్టిన రాళ్లలో కొద్దిపాటి తేడాలు మామూలే.

9.4 అసలు రాయిని గుర్తించే పరీక్షలు

లేత రంగు లాపిస్‌కు నీలిరంగు పట్టించి అమ్మడం సాధారణం. హౌలైట్, మాగ్నసైట్ వంటి తెల్లరాళ్లకు రంగు వేసి లాపిస్ పేరుతో అమ్మడమూ ఉంది. రంగు వేసిన జాస్పర్ ‘స్విస్ లాపిస్’, ‘జర్మన్ లాపిస్’ అనే పేర్లతో దొరుకుతుంది. సోడలైట్ అనే సహజమైన నీలిరాయి కూడా చూడగానే లాపిస్‌లా కనిపిస్తుంది.

భూతద్దం పరీక్ష: పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చూడండి. రంగు పగుళ్లలో, అంచులలో గాఢంగా పేరుకొని ఉంటే అది పైనుంచి పట్టించిన రంగు కావచ్చు. పెచ్చు లేచినచోట లోపల తెల్లగా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. అసలు రాయిలో పైరైట్ క్రమం లేకుండా చుక్కలుగా, తీగలుగా ఉంటుంది. చల్లినట్లు అంతటా సమానంగా ఉంటే అది కృత్రిమంగా తయారుచేసింది కావచ్చు. సోడలైట్‌లో పైరైట్ అరుదు.

ఎసిటోన్ పరీక్ష: దూదిని ఎసిటోన్‌లో ముంచి రాయి అడుగుభాగంలో కొద్దిసేపు రుద్దండి. దూదికి నీలిరంగు అంటితే రాయికి రంగు వేశారు. రాయి మీద మైనం పూత ఉంటే మొదటిసారి రంగు బయటపడకపోవచ్చు. అందుకే కొత్త దూదితో రెండవసారి కూడా చేయాలి. ఎసిటోన్ వల్ల మైనపు మెరుగు పోతుంది కాబట్టి రాయి పైభాగంలో ఈ పరీక్ష చేయకూడదు. రాయి మీది కాకపోతే యజమాని అనుమతి తీసుకోండి. ఎసిటోన్ సులువుగా అంటుకుంటుంది. మంట ఉన్న బల్ల దగ్గర దాని సీసా మూత తీయవద్దు.

సాంద్రత పరీక్ష: లాపిస్ సాపేక్ష సాంద్రత సాధారణంగా 2.7 నుంచి 2.9 మధ్య ఉంటుంది. సోడలైట్‌ది సుమారు 2.3 మాత్రమే. 0.01 గ్రాము వరకు చూపే త్రాసు ఉంటే ఈ పరీక్ష మీరే చేయవచ్చు.

ఉదాహరణ: ఒక రాయి బరువు గాలిలో 0.91 గ్రా. సన్నని దారంతో నీటిలో వేలాడదీసినప్పుడు 0.58 గ్రా.
బరువులోని తేడా = 0.91 – 0.58 = 0.33 గ్రా.
సాపేక్ష సాంద్రత = 0.91 ÷ 0.33 = 2.76 (సుమారు).
ఇది లాపిస్ పరిధిలో ఉంది.

ఏ ఒక్క పరీక్షతోనూ తీర్పు చెప్పకూడదు. దూదికి రంగు అంటనంత మాత్రాన రాయి అసలైనదని రుజువు కాదు. మూడు పరీక్షలూ ఒకే వైపు చూపితే నమ్మకం పెరుగుతుంది. విలువైన రాయి అయితే రత్న పరీక్షా కేంద్రంలో చూపించడం మంచిది. ఆమ్లం చుక్క వేసి చూసే పద్ధతి రాయిని పాడుచేస్తుంది. పూర్తయిన కాబోషాన్ మీద దాన్ని ఎన్నడూ చేయవద్దు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. లాపిస్ లాజులిని ఖనిజం అనక శిల అని ఎందుకు అంటాం?
2. కాల్సైట్ చార రాయి అంచును చేరితే వచ్చే ఇబ్బంది ఏమిటి?
3. ఎసిటోన్ పరీక్షను రాయి అడుగుభాగంలోనే ఎందుకు చేయాలి?

9.5 అమరిక ఎంపిక

కాబోషాన్‌ను ముఖ్యంగా రెండు విధాలుగా బిగిస్తారు. మొదటిది నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ కొక్కేలతో పట్టి ఉంచడం. రెండవది రాయి చుట్టూ పలుచని లోహపు గోడ నిలిపి, దాని పై అంచును రాయి మీదికి ఒరగనొక్కడం. ఈ గోడనే బెజెల్ అంటారు.

లాపిస్‌కు బెజెల్ అనుకూలం. కొక్కేలు ఒత్తిడినంతా కొన్ని బిందువుల మీద పెడతాయి. బెజెల్ దాన్ని అంచు పొడవునా పంచుతుంది. పైగా చిట్లే స్వభావం ఉన్న అంచును దెబ్బల నుంచి కాపాడుతుంది. లాపిస్ గుండా కాంతి పోదు కాబట్టి వెనుక భాగాన్ని మూసివేసినా అందం తగ్గదు. మూసిన వెనుక పలక చెమట నుంచి రాయికి రక్షణ ఇస్తుంది.

ఏ నగ చేయాలన్నదీ ఆలోచించాలి. ఉంగరం రోజంతా తలుపులకు, గిన్నెలకు, బల్లలకు తగులుతూ ఉంటుంది. లాకెట్, చెవికమ్మలకు అంత రాపిడి ఉండదు. మీ మొదటి లాపిస్ పనికి లాకెట్‌ను ఎంచుకోండి. ఉంగరమే కావాలని అడిగితే గుబ్బ తక్కువ ఎత్తున్న రాయిని తీసుకొని, బెజెల్‌ను కొంచెం మందంగా చేయండి.

9.6 పొదిగే విధానం

14 × 10 మి.మీ. అండాకారపు రాయితో వెండి లాకెట్ చేస్తున్నామనుకుందాం.

దశ 1 – పట్టీ పొడవు: బెజెల్‌కు 0.3 మి.మీ. మందం గల మేలిమి వెండి పట్టీ తీసుకోండి. 92.5 శాతం వెండిలో మిగిలినది ఎక్కువగా రాగి. అందువల్ల అది గట్టిగా ఉండి, వంచడానికి ఎక్కువ ఒత్తిడి కోరుతుంది. మేలిమి వెండి మెత్తగా ఒరుగుతుంది కాబట్టి రాయి మీద భారం తగ్గుతుంది.

సగటు వ్యాసం = (14 + 10) ÷ 2 = 12 మి.మీ.
పట్టీ మందం కలిపితే = 12.3 మి.మీ.
పొడవు = 12.3 × 3.14 = 38.6 మి.మీ.

అండాకారానికి ఈ సూత్రం కొద్దిగా తక్కువ చూపుతుంది. ఈ కొలతలకు ఆ తేడా సుమారు 0.3 మి.మీ. కాబట్టి 40 మి.మీ. కత్తిరించి, రాయి చుట్టూ చుట్టి గుర్తు పెట్టుకొని, మిగిలినదాన్ని ఆకురాయితో తగ్గించండి. లెక్క దారి చూపుతుంది. చివరి కొలత మాత్రం రాయి నుంచే తీసుకోవాలి.

దశ 2 – పట్టీ ఎత్తు: రాయి పక్కన పట్టీని నిలబెట్టి చూడండి. గుబ్బ లోపలికి వాలడం స్పష్టంగా మొదలైన చోటు కన్నా సుమారు 1 మి.మీ. పైకి ఉంటే చాలు. మరీ ఎత్తుగా ఉంటే అంచు ముడతలు పడి రాయిని కప్పేస్తుంది. మరీ తక్కువైతే రాయి ఊడిపోతుంది.

దశ 3 – టంకం పని: వెండి టంకాలు రకాన్ని బట్టి సుమారు 650 నుంచి 780 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతాయి. ఎక్కువ వేడికి కరిగే టంకంతో పట్టీ కొసలను అతకండి. మధ్యస్థ టంకంతో పట్టీని వెనుక పలకకు అతకండి. తక్కువ వేడికి కరిగే టంకంతో గొలుసు దూరే వలయాన్ని అతకండి. ఈ వరుస పాటిస్తే తరువాతి అతుకు వేసేటప్పుడు ముందటి అతుకు విడిపోదు. ప్రతి అతుకుకూ వెలిగారం పూయడం మరవవద్దు. కాడ్మియం కలిసిన టంకం పొగ ఊపిరితిత్తులకు ప్రమాదకరం. కాడ్మియం లేని టంకాన్నే అడిగి కొనండి. గాలి ఆడే చోట పనిచేయండి. పట్టీని వెనుక పలకకు అతికే ముందు రాయి అందులో సరిగ్గా దిగుతుందో లేదో చూసి, రాయిని బయటకు తీసి దూరంగా పెట్టండి.

దశ 4 – శుభ్రం చేయడం: నల్లబడిన వెండిని పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో శుభ్రం చేస్తారు. పలుచన చేసేటప్పుడు నీటిలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీరు పోయరాదు. తరువాత నగను నీటితో కడిగి, వంటసోడా కలిపిన నీటిలో ఉంచి, మళ్లీ కడిగి పూర్తిగా ఆరబెట్టండి. పట్టీ, పలక కలిసే మూలలో ఆమ్లపు తడి మిగిలితే పొదిగిన తరువాత అది రాయి అడుగును తినేస్తుంది. బయటికి కనిపించని ఈ నష్టం కొంతకాలం తరువాత రాయి వదులు కావడంతో బయటపడుతుంది.

దశ 5 – మెరుగు పెట్టడం: ఆకురాయి పని, ఉప్పు కాగితం పని, మెరుగు చక్రం పని అన్నీ ఇప్పుడే ముగించండి. చక్రం రాపిడికి వేడి పుడుతుంది. మెరుగు మందు రాయి సందులలో చేరుతుంది.

దశ 6 – రాయిని కూర్చోబెట్టడం: ముందు ఒక సన్నని దారాన్ని కట్టు మీద అడ్డంగా వేసి, దాని మీద రాయిని దించండి. రాయి ఇరుక్కుంటే దారం లాగి బయటకు తీయవచ్చు. రాయి దిగకపోతే బలవంతంగా నొక్కవద్దు. పట్టీ లోపలి అంచును కొద్దిగా సవరించండి. రాయి బాగా లోతుకు దిగిపోతే కింద పలుచని వెండి రేకు ముక్క వేసి ఎత్తు పెంచండి. రంపపు పొట్టు వాడితే తేమకు ఉబ్బుతుంది. సంప్రదాయ పనిలో రాయి కింద లక్క నింపడం ఉంది. అయితే లక్క నింపిన నగను తరువాత మంట దగ్గరికి తీసుకుపోలేమని గుర్తుంచుకోండి.

దశ 7 – అంచు ఒరగనొక్కడం: దారం తీసేసి, గుబ్బ మీద అంటుకునే టేపు వేయండి. గట్టిపరచిన ఉక్కు పనిముట్టు లాపిస్ కన్నా గట్టిది. జారితే గీత తప్పదు. అండాకారపు రెండు కొసల వద్ద ఎదురెదురుగా అంచును కొద్దిగా నొక్కండి. తరువాత రెండు పక్కల మధ్యభాగాలను, ఆ తరువాత మిగిలిన చోట్లను నొక్కండి. ఒకే చోట మొదలుపెట్టి చుట్టూ తిరిగితే అదనపు లోహమంతా చివర పోగై ముడత పడుతుంది. రాయి కదలడం ఆగిన తరువాత నునుపైన మెరుగు కడ్డీతో అంచును రాయికి ఆనించి సరిచేయండి.

చివరగా నగను చెవి దగ్గర పెట్టుకొని ఊపండి. శబ్దం వస్తే రాయి ఇంకా వదులుగా ఉన్నట్లే. జిగురు పోసి శబ్దాన్ని ఆపడం సరైన పద్ధతి కాదు. జిగురు ముసలిదై పట్టు వదిలినప్పుడు రాయిని ఆపేది లోహపు అంచు ఒక్కటే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
4. బెజెల్‌కు మేలిమి వెండిని ఎందుకు ఎంచుకుంటాం?
5. 12 × 10 మి.మీ. రాయికి 0.3 మి.మీ. మందం గల పట్టీ పొడవు లెక్కించండి.
6. వంటసోడా నీటిలో నగను ఎందుకు ఉంచాలి?

9.7 సంరక్షణ, అమ్మకందారుని బాధ్యత

నగను అప్పగించేటప్పుడు ఈ సూచనలు ఒక చీటీ మీద రాసి ఇవ్వండి: స్నానానికి, వంటకు, గిన్నెలు తోమడానికి ముందు నగ తీసేయాలి. నిమ్మరసం, చింతపండు పులుసు, మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లం దీనికి తగలకూడదు. అత్తరు ఆరిన తరువాతే ధరించాలి. తడి మెత్తని గుడ్డతో తుడిచి వెంటనే ఆరబెట్టాలి. మన ఇళ్లలో వెండి సామాను తోమే చింతపండు ఈ నగకు పనికిరాదు. నగల దుకాణంలో వాడే అల్ట్రాసోనిక్ యంత్రం, ఆవిరి కూడా పనికిరావు. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ఇందులో ఉన్నది లాపిస్ అని ముందే చెప్పాలి.

రాయికి రంగు వేశారని మీ పరీక్షలో తేలితే, ఆ విషయాన్ని కొనేవారికి చెప్పి, రసీదులో రాసి, దానికి తగిన ధరకే అమ్మండి. రంగు వేసిన రాయి అమ్మడం తప్పు కాదు, దాచి అమ్మడం తప్పు. చెమటకు రంగు దిగి తెల్లచీర మీద నీలిమరక పడిన రోజున కొన్నవారు రాయిని కాదు, దాన్ని అమ్మిన మిమ్మల్ని గుర్తుచేసుకుంటారు. చేతిపనివారికి పెట్టుబడి తక్కువ, వారిని నిలబెట్టేది నమ్మకమే.

9.8 సారాంశం

లాపిస్ లాజులి లాజురైట్, కాల్సైట్, పైరైట్ మొదలైన ఖనిజాలు కలిసిన శిల. గట్టిదనం 5 – 5.5 కావడం వల్ల గీతలు పడతాయి. కాల్సైట్ ఉండడం వల్ల ఆమ్లానికి తట్టుకోదు. రంగుతో పాటు అంచు బలం, అడుగు సమత, గుబ్బ వాలు చూసి రాయిని ఎంచుకోవాలి. భూతద్దం, ఎసిటోన్, సాంద్రత పరీక్షల ఫలితాలను కలిపి చూడాలి. లాపిస్‌కు మేలిమి వెండి బెజెల్ అనువైనది. టంకం, ఆమ్లం, మెరుగు పనులు ముగిసిన తరువాతే రాయిని పొదగాలి.

9.9 ‘మీ ప్రగతిని సరిచూసుకోండి’ – సమాధానాలు

1. అది అనేక ఖనిజాల మిశ్రమం కాబట్టి.
2. పొదిగేటప్పుడు అంచు మీద పడే ఒత్తిడికి మెత్తని కాల్సైట్ చిట్లవచ్చు.
3. ఎసిటోన్ మైనపు మెరుగును, రంగును తొలగిస్తుంది. అడుగుభాగం కట్టులో దాగి ఉంటుంది కాబట్టి ఆ మచ్చ బయటికి కనిపించదు.
4. అది మెత్తగా ఒరుగుతుంది కాబట్టి రాయి మీద ఒత్తిడి తగ్గుతుంది.
5. (12 + 10) ÷ 2 = 11; 11 + 0.3 = 11.3, 11.3 × 3.14 = 35.5 మి.మీ. సరిచూసుకోవడానికి కొంత అదనంగా కత్తిరించాలి.
6. మూలల్లో మిగిలిన ఆమ్లాన్ని తటస్థం చేయడానికి.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. లాపిస్ లాజులి నిర్మాణం దానిని పొదిగే విధానాన్ని ఏ విధంగా నిర్ణయిస్తుందో చర్చించండి.
2. బెజెల్ అమరికలో వివిధ దశలను, వాటి క్రమానికి గల కారణాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రంగు వేసిన లాపిస్‌ను గుర్తించే పరీక్షలు, వాటి పరిమితులు.
2. కాబోషాన్ ఆకృతిలో పరిశీలించవలసిన అంశాలు.

III. అభ్యాసం: మీ దగ్గరలోని స్వర్ణకారుని పనిబల్లను సందర్శించండి. రాయి పొదగడానికి ముందు పూర్తిచేసే పనులను వరుసగా రాసుకొని, ఈ భాగంలోని దశలతో పోల్చండి. తేడా కనిపించినచోట కారణం అడిగి తెలుసుకోండి.